నీళ్ళు పోసే చుక్క

చచ్చిపోయే చుక్కల మాట మా ఇంట్లో ఎత్తొద్దని పోలి చేత ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు ఒక్క పూట కూడా నిలవలేదు. తప్పు పోలిది కాదు, మా ఆయనది. ఏ పని వద్దంటే ఆ పని మీదికే ఆయన మనసు పోతుంది. పెళ్ళైన నాటి నుంచీ చూస్తున్నాను, నాకేం కొత్త కాదు.

పోలి అంటే పోలేరమ్మ. మా ఆడపడుచు నాగులమ్మ కూతురు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి, బతకదనుకున్న పిల్ల బతికింది. అందుకని ఆ పేరు పెట్టారు. మాకు పిల్లల్లేరు. నాగులమ్మ వాళ్ళది పక్క వీధే కాబట్టి అది తిన్నదీ తిరిగిందీ మా ఇంట్లోనే. నరసరావుపేటలో కాలేజీ చదివింది, తర్వాత గుంటూరు వెళ్ళింది, ఆ తర్వాత స్కాలర్‌షిప్పు మీద బెంగళూరు పోయింది. అక్కడ సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులంతా దాన్ని “మిస్ పోలేరమ్మా” అని పిలుస్తారట. ఆ మాట మొదటిసారి విన్న రోజు నేను నవ్వీ నవ్వీ పొయ్యి మీద కూర మాడ్చుకున్నాను.

మా ఆయన గురవయ్య పడుచుతనంలో మాచర్ల వైపు రాళ్ళ క్వారీల్లో పనిచేశాడు. ఆ తర్వాత నరసరావుపేటలో అబ్దుల్ మజీద్ గారి ఎలక్ట్రిక్ షాపులో చేరి కరెంటు పని నేర్చుకున్నాడు. పెళ్ళిళ్ళకీ పండగలకీ సీరియల్ బల్బులు కట్టేవాడు. కానీ ఆయన దృష్టిలో అవన్నీ కూటి కోసం చేసే పనులు. అసలు పని ఏడాదికి ఒక్కటే, శివరాత్రికి కోటప్పకొండ కింద నిలబెట్టే మా ఊరి ప్రభ. వెదుళ్ళూ వాసాలూ కట్టి, తాటిచెట్లు చిన్నబోయేంత ఎత్తు లేపి, నిలువునా బల్బులు చుట్టి, బండి మీద ఎక్కించి ఎడ్లతో లాక్కుపోతారు. పొద్దుగూకేసరికి కొండ కింద ఊరూరి ప్రభలూ వెలుగుతుంటే, మా ప్రభ మీద వెలుగు పరిగెత్తే తీరు చూసి “ఇది గురవయ్య చేతిది” అని పక్క ఊళ్ళవాళ్ళే చెప్పేవాళ్ళు. నేను వినీ విననట్టు ఉండేదాన్ని కానీ నాలుగడుగులు పొడుగెక్కేదాన్ని.

ఆ క్వారీ దుమ్ము ఊరికే పోలేదు. ఇన్నేళ్ళూ లోపల కూర్చుని, యాభై దాటాక బయటపడింది. గుంటూరు డాక్టరు ఎక్సరే వెలుతురుకి పెట్టి చూపించి, “ఊపిరితిత్తులు రాయి కట్టాయమ్మా, ఉన్న ఊపిరి పొదుపుగా వాడుకోవాలి” అన్నాడు. ఎన్నాళ్ళండీ అని అడిగితే మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నేను పిసినారిదాన్ని అయిపోయాను. మెట్లెక్కొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, నవ్వొద్దు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గొస్తే మనిషి మెలికలు తిరిగిపోతాడు. ఈ ఏడు ప్రభ పని ముట్టుకోనని కూడా మాట తీసుకున్నాను. కమిటీ పెద్ద పుల్లయ్య మావ చిలకలూరిపేట నుంచి వేరే మనిషిని మాట్లాడుకున్నాడు. ఎనభై తొమ్మిదో సంవత్సరం సంగతి ఇది. అప్పుడు నాకు కావలసింది ఒక్కటే, ఆ మనిషి నా కళ్ళ ముందు ఇంకొన్నాళ్ళు ఊపిరి తీస్తూ ఉండాలి. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మామయ్యకి బాగాలేదని తెలిసి పోలి సెలవు పెట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే మంచం పట్టె మీద కూర్చుంది. నేను వసారాలో గోంగూర నూరుతున్నాను.

“బెంగుళూర్లో ఏం ఎలగబెడతన్నావే?” అన్నాడాయన.

“చుక్కలు చూస్తన్నా మామయ్యా.”

“చుక్కలు చూట్టానికి బెంగుళూరు దాకా ఎందుకే? మీ అత్తకి కోపమొచ్చినప్పుడు మా ఇంటికొస్తే సరిపోద్ది గదా, పట్టపగలే కనపడతయి.”

ఇద్దరూ కిలకిలా నవ్వుకున్నారు. ఇద్దర్నీ తిట్టి మళ్ళీ నూరుకోవడం మొదలుపెట్టాను. కాసేపటికి పోలి మాట చెవిన పడింది.

“మన సూర్యుడు లాంటి చుక్కే మామయ్యా. ముసల్దైపోతే ఉబ్బుద్ది, ఎర్రబడుద్ది. పైపొరలన్నీ ఊడిపోతా ఉంటయి. ఇంక చచ్చిపోతదనంగా...”

పచ్చడి బండ చేతిలో ఉండగానే లేచి వెళ్ళాను. “ఏమే! ఇంట్లో మనిషి మంచాన ఉంటే చచ్చేవాటి కబుర్లా తెచ్చింది? ఇంకేం దొరకలా నీకు? పుట్టే చుక్కలు లేవా ఆ బెంగుళూర్లో?”

పోలి మొహం పాలిపోయింది. అది పుట్టి బుద్ధెరిగాక నేను దాని మీద అంత గొంతు ఎత్తింది లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనని నా చెయ్యి మీద చెయ్యేసి చెప్పింది. మా ఆయన మాత్రం గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నవ్వు దగ్గులోకి దిగింది. నేను బండ పక్కన పడేసి ఆయన వీపు రాస్తూ కూర్చున్నాను.

సాయంత్రం నేను బియ్యం చెరుగుతుంటే ఆయన మళ్ళీ మొదలెట్టాడు. “అది చచ్చేముందు ఏంజేస్తదో చెప్పలేదు నువ్వు.”

“అత్త కొట్టుద్ది.”

“నన్ను కొట్టమను. చెప్పు.”

పోలి నా వంక చూసింది. నేను చేట వంక చూశాను. వద్దనడానికి నోరు రాలేదు, ఆయన మొహంలో అంత ఆశ చూసి చాలా రోజులైంది.

“నీళ్ళు పోస్తది మామయ్యా” అంది పోలి. “దాని పొరల్లో నీళ్ళుంటయి, ఆవిరిగా. చివరాఖర్లో అటొక దార, ఇటొక దార చిమ్ముద్ది. ఎంత జోరంటే, రెప్ప కొట్టేలోపు నరసరావుపేటలో బయల్దేరి బెజవాడ దాటిపోద్ది.”

“నీకెట్టా తెలిసింది? కనపడతదా?”

“కనపడదు, వినపడతది. ఆ నీళ్ళన్నీ కలిసి ఒక్క గొంతుతో కూత పెడతయి. రేడియోకి స్టేషన్ తగిలినట్టు మా యంత్రానికి తగులుద్ది. మాచర్ల బండి మన మీదికి వచ్చేప్పుడు కూత సన్నంగా ఉండి, దాటిపోయేప్పుడు బొంగురు పోద్ది చూడు, అట్టాగే ఇదీ. మన వైపొచ్చే దారది ఒక గొంతు, అవతలికి పోయే దారది ఇంకో గొంతు. ఆ తేడాని బట్టి జోరెంతో లెక్క కడతాం.”

“ఎన్నాళ్ళు పోస్తది?”

“నూరేళ్ళు కూడా పోయదేమో. చుక్కల వయసులో అది మనం తుమ్మినంత సేపు. అందుకే ఎవురికీ దొరకవు. మొన్నీమధ్యే వాటి సంగతి తెలిసింది.”

ఆయన లేచి కూర్చున్నాడు. “పోసిన నీళ్ళన్నీ వృథాయేనా?”

“ఎందుకు వృథా? పోయి మబ్బుల్లో కలుస్తయి. ఆ మబ్బుల్లోనించే మళ్ళీ కొత్త చుక్కలు పుడతయి, మన భూమి లాంటియి పుడతయి. మన సాగర్ కాలవలో పారే నీళ్ళు కూడా ఎప్పుడో ఏదో ముసలి చుక్క పోసినయ్యే కావొచ్చు.”

ఆయన మామూలుగా, పాలు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు. “ఈ ఏడు మన ప్రభ మీద ఇదే కడతా.”

నా చేతిలో చేట కింద పడింది. “కడతావు! కడితే ఆ వెదుళ్ళ మీదే నిన్ను కూడా మోసుకుపోతారు.”

మాట జారాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా, “మోసేది ఎట్టాగూ మోస్తారు గదే” అన్నాడు.

అప్పుడు పట్టలేకపోయాను. “నాకు ప్రభ వద్దు, చుక్క వద్దు. నాకు మనిషి కావాల. నువ్వేం చెయ్యొద్దు, నన్ను పోషించొద్దు, ఊరికే ఆ మంచం మీద కూర్చుని ఊపిరి తియ్యి. నిన్ను నేనింకేం అడగలా” అన్నాను.

“ఊపిరి తీసుకుంటా కూర్చోవటం కూడా ఒక బతుకేనా మంగా?”

జవాబు లేనప్పుడు నేను చేసే పనే చేశాను, మాటలు మానేశాను. నేను మాటలు మానేస్తే మా ఇంట్లో కుక్క కూడా వీధిలోకి పోయి పడుకుంటుంది. మర్నాడంతా ఆయన మంచం మీద, నేను పొయ్యి దగ్గర, పోలి ఇద్దరికీ మధ్య.

ఆ తర్వాతి రోజు పెరట్లో నేను బట్టలు ఉతుకుతుంటే పోలి వచ్చి పక్కన కూలబడింది. “నేనే తప్పు చేశా అత్తా. అసలు చెప్పకుండా ఉండాల్సింది.”

దాన్ని చూస్తే జాలేసింది. ఎంత చదువు చదివినా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే నా పోలీయే. ఒక సంగతి రెండ్రోజులుగా నా బుర్రలో తొలుస్తోంది, అది అడిగేశాను. “ఏమే, ఆ చుక్క నీళ్ళు పొయ్యకుండా లోపలే దాచుకుంటే ఇంకొన్నాళ్ళు బతుకుద్దా?”

పోలి మడ్డి నీళ్ళలోకి చూస్తూ, “బతకదత్తా” అంది. “దాచుకోవటం దాని చేతిలో లేదు. అదెట్టాగూ ఊడిపోతానే ఉంటది. చానా ఏళ్ళు ఊరికే మసకమసకగా, చుట్టూ పొగలాగా పోతా ఉంటది. చివర్లో మాత్రం ఇట్టా దార కడతది. దాచుకున్నా పోయేదే, పోసినా పోయేదే. పోస్తే మటుకు అంత దూరాన ఉన్న మాకు కూడా తెలుసుద్ది.”

చీర పిండుతూ పిండుతూ అలాగే నిలబడిపోయాను. పోలికి నా ఏడుపు కనిపించకూడదని పిండిన చీరనే మళ్ళీ తడిపి మళ్ళీ పిండాను. పిల్ల అబద్ధం చెప్పదు. నన్ను ఓదార్చడానికైనా చెప్పదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, ఆ మొండివాడితో నేను ఇరవై ఏళ్ళకు పైగా కాపురం చేశాను. గెలిచిన రోజు ఒక్కటీ లేదు.

కాఫీ పట్టుకుని లోపలికి వెళ్ళాను. “పైకెక్కేది లేదు. కుర్చీలో కూర్చుని చెప్పాల, ఎక్కి కట్టేది చిలకలూరిపేట మనిషి. బల్బులకి రంగు నేనేస్తా. దగ్గొచ్చిందంటే ఆడికాడికి పని ఆగిపోవాల.”

“సరే” అన్నాడు. ఆయన సరేకి ఏనాడూ విలువ లేదు. అయినా ఆ పూట ఆ సరే వినడానికి నాకు హాయిగా ఉంది.

పుల్లయ్య మావ కబురు వినగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు. కళ్ళంలో ప్రభ చట్రాన్ని నేల మీద పడుకోబెట్టి కడుతున్నారు. చిలకలూరిపేట మనిషి దాని మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటే మా ఆయన చింతచెట్టు నీడలో కుర్చీ వేసుకుని ఆజ్ఞలు జారీ చేసేవాడు. పోలి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. నడిమధ్య ఎర్రటి చుక్క, దాని నెత్తి మీద నుంచి ఒక దార, కాళ్ళ కింద నుంచి ఒక దార. నేను ఇంటి దగ్గర తెల్ల బల్బులు తీసుకుని ఒక్కొక్కటే నీలం రంగులో ముంచి ఆరబెట్టాను. పది రోజులపాటు అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళు నీలంగానే ఉండేవి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, పెళ్ళైన కొత్తల్లో కూడా మా ఇంట్లో అంత సందడి లేదు. ఆయన దగ్గేవాడు, కానీ దగ్గి మళ్ళీ పనిలో పడేవాడు. మంచం మీద ఉన్నప్పుడైతే దగ్గి కళ్ళు మూసుకునేవాడు. ఆ తేడా నాకు తెలిసింది.

ప్రభ లేపడానికి ముందు రోజు నేల మీదే కరెంటు పెట్టి చూశారు. వెలుగు పరిగెత్తించడానికి ఆయన దగ్గర ఒక మోటారు ఉండేది. దానికి ఒక చెక్క డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ రాగి రేకులు. అది తిరుగుతుంటే ఒక వరస ఆరి పై వరస వెలుగుతుంది, చూసేవాళ్ళకి వెలుగు ఎక్కుతున్నట్టు ఉంటుంది. మోటారు తిరిగింది. చుక్క ఎర్రగా వెలిగింది. పై దార బ్రహ్మాండంగా పైకి చిమ్మింది. జనం చప్పట్లు కొట్టారు. ఒక్క పోలి మాత్రం కింది పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

“ఏందే, మొహం అట్టా పెట్టావు?” అన్నాడు మా ఆయన.

“ఏం లేదు మామయ్యా.”

“నా దగ్గరా నీ ఏషాలు?”

“కింది దార... చుక్కలోనించి బయటికి రావట్లా. కిందనించి ఎక్కి చుక్కలోకి పోతంది. చుక్క నీళ్ళు తాగతన్నట్టుంది.”

అందరూ గొల్లుమని నవ్వారు. మా ఆయన నవ్వలేదు. చుక్క బొమ్మ తప్పు కాదు, తీగల లెక్క తప్పు కాదు. ఆయన చెయ్యి మొదటి నుంచీ వెలుగును కింద నుంచి పైకే నడిపింది, ఇప్పుడు కూడా అలవాటుగా పైకే నడిపింది. మా వైపు ప్రభల మీద వెలుగు ఎప్పుడూ ఎక్కాలి, దిగకూడదు. అది ఎవరూ రాసి పెట్టింది కాదు కానీ ఎవరూ తప్పింది లేదు.

“వెలుగంటే మన మొక్కు తల్లీ” అన్నాడు ఆయన పోలితో, ఆయాసపడుతూ. “మొక్కు కిందనించి కొండ మీది శివయ్య, మన కోటయ్య దగ్గరికి ఎక్కాల. కిందికి దిగిందంటే నీ మొక్కు నాకొద్దని ఆయన తిప్పి కొట్టినట్టు.”

“అయితే అట్టాగే ఉండనియ్యి మామయ్యా. చూసేవాళ్ళకి ఏం తెలుసుద్ది?”

“నీకు తెలుసు గదే” అన్నాడు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని కెలికాడే కానీ ముద్ద నోట్లో పెట్టలేదు. దేవుడికి తప్పు చెయ్యలేడు, మేనకోడలి చుక్కను తప్పుగా చూపించలేడు. ఇన్ని రోజుల సందడీ ఆ మొహం మీద నుంచి ఒక్క పూటలో దిగిపోయింది. దగ్గు కన్నా అది చూడటం నాకు కష్టమైంది. వద్దన్నది నేనే, ఇప్పుడు ఆగిపోతే తట్టుకోలేనిదీ నేనేనని అప్పుడు తెలిసింది. కొంగు బిగించి పుల్లయ్య మావ ఇంటికి బయల్దేరాను.

మావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పగానే చెవులు మూసుకున్నాడు. “వెలుగు దించటమా? తరాలనించీ లేంది. నా పెద్దరికంలో నేనొప్పుకోను.”

“మావా, గంగమ్మ యాడ నించి వచ్చింది?”

“ఇదేం ప్రశ్న? ఆకాశం నించి.”

“వచ్చి యాడికి పోయింది?”

“శివుడి నెత్తి మీదికి.”

“ఎక్కిందా, దిగిందా?”

మావ కండువా సర్దుకున్నాడు. నేను వదల్లేదు. “దిగింది అరిష్టమైతే ఆయన జటల్లో ఎందుకు పెట్టుకున్నాడు? సోమారం సోమారం మా సీతమ్మత్త గుళ్ళో చెంబుడు నీళ్ళు లింగం మీద పోస్తదిగా, కిందనించి పైకి పోస్తన్నదా ఏంది? మన మొక్కు పైకెక్కిద్ది. ఆయన ఇచ్చేది కిందికి దిగుద్ది. మరి ఇచ్చేది చూపించొద్దా?”

లోపల గుమ్మం దగ్గర సీతమ్మత్త, మావ భార్య, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మావకి కూడా నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

“నోటితో నిన్ను గెలవటం నా తరమా? ఒక్క మాట చెప్తా, కోపగించుకోబాక” అన్నాడు, గొంతు తగ్గించి. “గురవయ్య సంగతి నాకూ తెలుసు. రేపాయనకి జరగరానిది జరిగితే ఊరేమంటది? వెలుగు దించాడు, అందుకే పోయాడంటది. దించమన్నది పెళ్ళామేనంటది. నువ్వు బతికినన్నాళ్ళూ ఆ మాట పడాల. పడతావా?”

అంత దూరం నేను ఆలోచించలేదు. ఆయన పోతాడు. అది నాకు తెలుసు, ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు. పోయాక నేను ఈ ఊళ్ళోనే ఉండాలి, ఈ మనుషుల మధ్యే నీళ్ళు తెచ్చుకోవాలి, వాళ్ళ మాటలు వినాలి. మొగుణ్ణి ఇంకొన్నాళ్ళు నిలుపుకుందామని నవ్వు కూడా నవ్వనివ్వని దాన్ని, చేజేతులా మొగుణ్ణి పోగొట్టుకున్నదని అనిపించుకోవాలి. కానీ ఇంటి దగ్గర కంచం ముందు కూర్చున్న మొహం కళ్ళ ముందు నుంచి పోలేదు.

“పడతా మావా” అన్నాను.

ఇంటికి వచ్చి ఆయనకు సగమే చెప్పాను. “గంగ దిగినట్టు అనుకోవచ్చంట. మావ ఒప్పుకున్నాడు.” ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “గంగ సంగతి పుల్లయ్యకి తట్టిందా, నీకా?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా కంచం దగ్గరికి లాక్కున్నాడు. మారు కూడా వడ్డించుకున్నాడు.

మర్నాడు ప్రభ లేపేలోపు కింది దార తీగలన్నీ ఊడదీసి, మొదటి వరసది చివరికీ చివరిది మొదటికీ మార్చాడు. ఆ పని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు తీగలు కలపడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ రెండు కలపడం. నేను పక్కన కూర్చుని టేపు ముక్కలు చించి ఇచ్చాను. ఆపమని నోటి దాకా వచ్చేది, మింగేదాన్ని.

శివరాత్రి నాడు ప్రభ కదిలింది. ఎడ్లు, డప్పులు, దుమ్ము, హరహరా అని కేకలు. వెనకాల నరసరావుపేటలో జనరేటర్ అద్దెకిచ్చే జహంగీర్ ట్రాలీ, అందులో దిండ్ల మధ్య మా ఆయన, ఒక పక్క నేను, ఒక పక్క పోలి. కొండ కింద ప్రభను నిలబెట్టేసరికి పొద్దు వాలింది. పుల్లయ్య మావ కొబ్బరికాయ కొట్టాడు. జహంగీర్ జనరేటర్ తిప్పాడు. మా ఆయన చెయ్యి చాచి స్విచ్చి వేశాడు.

చుక్క వెలిగింది. పై దార నీలంగా ఎగజిమ్మింది. ఆ తర్వాత కింది దార కదిలింది, చుక్క పాదాల నుంచి జారి, వరస వెంట వరస, జనం మీదికి దిగింది.

చప్పట్లు లేవు. ఎవడో, “వెలుగు కిందికి దిగతందిరోయ్!” అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ప్రభ ముందు ఖాళీ ఏర్పడింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, వేళ్ళు చల్లగా ఉన్నాయి. నేను పుల్లయ్య మావ వంక చూశాను. ఆయన కొబ్బరి చిప్పలు పట్టుకుని ఎటూ చెప్పలేక నిలబడ్డాడు.

అప్పుడు సీతమ్మత్త కదిలింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఆ ఖాళీలోకి ఒక్కతే నడిచి వెళ్ళి, దార దిగే చోట తల వంచి నిలబడింది. “గంగమ్మ తల్లీ” అని దోసిలి పట్టింది. ఆమె తెల్లజుట్టు మీద, చేతుల మీద నీలం వెలుగు పడి పోతోంది, మళ్ళీ పడుతోంది. ఆమె వెనక ఇంకో ఆడమనిషి వచ్చింది. తర్వాత చంకలో పిల్లతో ఒకామె. ఆ తర్వాత లెక్క లేదు, తోసుకుంటూ వచ్చారు, పసిపిల్లల తలలు ముందుకు వంచి తడిపించినట్టు వెలుగులో పెట్టారు. పక్క ఊరి ప్రభల దగ్గరి జనం కూడా ఇటే వచ్చేశారు.

“ఇప్పుడు కరెక్టేనా?” అన్నాడు మా ఆయన పోలితో.

“కరెక్టు మామయ్యా. సరిగ్గా ఇట్టాగే పోస్తది” అంది అది. ఆయన భుజం మీద మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. “మా వాళ్ళెవురూ చూళ్ళేదు దీన్ని. లెక్కల్లోనే చూశాం.”

ఆయన నవ్వాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాక అంత నవ్వు నేను వినలేదు. దగ్గు ముంచుకొచ్చింది, మెలికలు తిరిగాడు, మళ్ళీ నవ్వాడు. “ఇయ్యాల ఆపమనవేందే?” అన్నాడు నాతో.

“నవ్వవయ్యా” అన్నాను. “నీ ఇష్టం వచ్చినంత నవ్వు.”

ఉగాది పచ్చడి తిన్నాడు. మామిడికాయలు కోతకు వచ్చేలోపు పోయాడు. బెంగళూరు నుంచి పోలి వచ్చేదాకా కూడా ఆగలేదు, ఆయనకి ఎప్పుడూ తొందరే. నేను ఏడవలేదు. నాగులమ్మ నేలకేసి కొట్టుకుంది, వచ్చినవాళ్ళంతా ఏడ్చారు, నేను వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తూ తిరిగాను. మంగమ్మ గుండె బండరాయి అనుకున్నారేమో. వెలుగు దించినందుకే పోయాడని ఊరు అంటుందని నాకు తెలుసు, ఎప్పుడంటుందా అని లోపల కాచుకుని కూర్చున్నాను. పడతానని ఒప్పుకున్నాను కాబట్టి నోరెత్తకూడదని కూడా అనుకున్నాను.

పెద్ద కర్మ నాడు వసారాలో ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా ఆ మాట వచ్చింది. అన్నది ఎవరో కాదు, సీతమ్మత్తే. మనసులో ఏమీ పెట్టుకుని కాదు, ముసలామె బాధకొద్దీ అంది. “ఆ వెలుగు కిందికి దించకుండా ఉంటే ఇంకో ఏడాది ఉండేవాడేమో మంగమ్మా.”

పోలి నా చెయ్యి పట్టుకుంది. నోరెత్తకూడదనే అనుకున్నాను. కానీ నా నోరు ఎప్పుడు నా మాట విన్నది కనుక?

“ఉండేవాడేమో అత్తా” అన్నాను. “నా నోటికి భయపడి, నవ్వకుండా, ఆ మంచంలో ఇంకో ఏడాది ఉండేవాడేమో. అది సరే. నువ్వు మొట్టమొదట పోయి నిలబడ్డావు గదా, ఆయన పోసింది నీ నెత్తిన పడిందా లేదా? అది చెప్పు.”

సీతమ్మత్త నా మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూనే ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచి నడినెత్తి తడుముకుంది.

“పడింది మంగమ్మా” అంది.

అన్నాళ్ళూ రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.